నీరు ఎటు పోవాలో ఊరు చెప్పింది

1996 నవంబరు 6, బుధవారం. దీపావళి ఇంకా నాలుగు రోజులుంది.

గౌతమి గోదావరి సముద్రంలో కలిసే మొగ. ఇసక దిబ్బల మీద తాటాకు పాకలు. పాకల్లో కిరసనాయిలు బుడ్లు, మట్టిపొయ్యి మీద అన్నం కుండ, వాసానికి వేలాడుతున్న తడి వలలు. రొయ్య పిల్లల్ని పట్టి అమ్ముకునే కుటుంబాలవి. రొయ్యల చెరువులు జోరుమీదున్న రోజులు, టైగర్ రొయ్య పిల్లకి లెక్కపెట్టి మరీ డబ్బులిస్తున్నారు, అందుకే మొగుడూ పెళ్ళాం చంకలో పిల్లతో సహా కాపురాన్ని నీటి అంచుకే తెచ్చుకుని, పగలంతా నడుంలోతు నీళ్ళలో సన్నకన్ను వల లాగి, రాత్రి ఆ ఇసక మీదే చాప పరుచుకుని పడుకుంటున్నారు. పొద్దుగూకింది. బుడ్డి దీపం ఒక్కసారి పక్కకి వాలింది.

గాలి దిక్కు మార్చింది.

ముందు దీపాలు పోయాయి. తర్వాత పాకల కప్పులు పోయాయి. ఆ తర్వాత పక్కనున్న మనిషి అరిచినా వినపడలేదు. చిన్న తుపానే, కానీ చూస్తుండగానే ముదిరింది. రాత్రి తొమ్మిది దాటాక కాకినాడకి దక్షిణంగా 50 కిలోమీటర్ల దూరంలో తీరం దాటింది. సముద్రం రెండు మూడు మీటర్లు లేచి దిబ్బల మీంచి నడిచింది. ఆ చీకట్లో ఎవరి చెయ్యి ఎవరి చేతిలోంచి జారిందో లెక్క చెప్పగలిగినవాళ్ళు లేరు.

తెల్లారింది. కోనసీమలో కొబ్బరి చెట్లు తలలు తెగి నేలని పడున్నాయి. ఆ తుపానులో వెయ్యి మందికి పైగా చనిపోయారు. వేటకెళ్ళి తిరిగి రానివాళ్ళు వందల్లో ఉన్నారు. భైరవపాలెం, బలుసుతిప్ప లాంటి మొగ ఊళ్ళలో ఏడుపు లేని ఇల్లు లేదు. సముద్రం వైపు తిరిగి కూర్చున్న ఆడవాళ్ళు వారాల తరబడి అలాగే కూర్చున్నారు.

అయితే ఆ ఉదయం ఊళ్ళలో ఇంకో మాట కూడా మొదలైంది. నెమ్మదిగా, ఒకళ్ళ చెవిలోంచి ఇంకొకళ్ళ చెవిలోకి. తుపాను వాసన తగలగానే పడవని మడ అడవి పాయలోకి తోలి, చెట్టు మొదలికి తాడు కట్టెయ్యడం ఆ తీరంలో తాతల నాటి పద్ధతి. మడ దట్టంగా ఉన్న చోట అల ఊపు తగ్గిందన్నారు. మడ లేని చోట?

ఆ ప్రశ్న దగ్గర మాట ఆగిపోయేది. ఎందుకంటే మడ ఎందుకు లేదో అందరికీ తెలుసు.

*

కోరంగి. కాకినాడ నుంచి యానాం వెళ్ళే రోడ్డు మీద ఇవాళ చిన్న ఊరు. ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు. ఇక్కణ్ణుంచి ఓడెక్కి బర్మా వెళ్ళిన తెలుగువాళ్ళని అక్కడ ఏ జిల్లావాళ్ళయినా ‘కోరంగీ’లనే పిలిచారంటే ఆ రేవు ఎంతటిదో అర్థం చేసుకోవచ్చు. 1789 డిసెంబరులో వరసగా మూడు అలలు వచ్చి ఊరిని ముంచాయి. ఆ ఉప్పెన వర్ణన చదివిన హెన్రీ పిడింగ్టన్ అనే కలకత్తా నావికుడు, సుడి తిరిగే గాలివానకి ఒక పేరుండాలని ‘సైక్లోన్’ అనే మాట పుట్టించాడు. 1839 నవంబరు 25న మళ్ళీ ఒక ఉప్పెన. 40 అడుగుల అల అనీ, మూడు లక్షల ప్రాణాలనీ పాత రాతలు చెబుతాయి. రేవు మళ్ళీ లేవలేదు.

ఊరు పడిపోయిన చోట అడవి మాత్రం నిలబడింది. తెల్ల మడ, నల్ల మడ, ఉప్పు పొన్న, పాలు కంట్లో పడితే చూపు తీసే తిల్ల. బురదలోంచి పెన్సిళ్ళలా పైకి పొడుచుకొచ్చిన ఊపిరి వేళ్ళు. ఆ వేళ్ళ సందుల్లో మండపీత, పండుగప్ప పిల్ల, రొయ్య పిల్ల. సముద్రంలో వేటకి దొరికేదానికి ఉయ్యాల ఇక్కడే.

1978 జూలైలో ఆ అడవి చుట్టూ ఒక గీత పడింది. కోరంగి వన్యప్రాణి అభయారణ్యం, 235.70 చదరపు కిలోమీటర్లు. ఆ రోజుల్లో దేశమంతటా ఇలాంటి గీతలు ఆఫీసు బల్ల మీద, మ్యాపు మీద పడేవి. గీత మంచిదే. గీత లేకపోతే ఈపాటికి ఆ అడవి రొయ్యల చెరువైపోయేది. కానీ గీతకి అటూ ఇటూ ఊళ్ళున్నాయి. ఆ ఊళ్ళలో పొయ్యి వెలగాలంటే మడ పుల్ల కావాలి. దడి కట్టాలన్నా, పాక నిలబెట్టాలన్నా మడ గుంజ కావాలి. గేదెకి మేత మడ ఆకు. నిన్నటిదాకా పని, ఇవాళ నేరం. చీకటితో పడవేసుకుని వెళ్ళి, కత్తి చప్పుడు వినపడకుండా కొట్టి, ఫారెస్టు గార్డు కంట పడకుండా మోపు దాచుకుని రావడం మొదలైంది. గార్డు వస్తే ఊరు తలుపులేసుకునేది. ఊరు తలుపులేసుకుంటే అడవిలో ఏం జరుగుతోందో గార్డుకి తెలిసేది కాదు.

తుపాను వచ్చిన ఏడాదే ఆ తలుపులు తట్టడానికి కొందరు బయల్దేరారు.

*

ఎం.ఎస్. స్వామినాథన్ రిసెర్చ్ ఫౌండేషన్. చెన్నై సంస్థ. అటవీ శాఖతో కలిసి, కెనడా సాయంతో నడిచే నిధి నుంచి డబ్బు తెచ్చుకుని, తూర్పు తీరంలో మడ అడవుల పని మొదలుపెట్టింది. మొదట ఊళ్ళోకి కాదు, బురదలోకి దిగారు.

ఎండ నెత్తిన పడుతోంది. అడవి మధ్యలో ఒక బట్టతల. చుట్టూ పచ్చని మడ, నడుమ ఎకరాల కొద్దీ ఖాళీ నేల. పర్ర. పైన తెల్లటి ఉప్పు పొర, కాలు వేస్తే చిటపటమని పగులుతోంది. కింద చీలమండ దాకా దిగబడే నల్ల బురద, కుళ్ళిన గుడ్డు వాసన. అంతకుముందు అక్కడ మొక్కలు నాటి చూశారు, చచ్చిపోయాయి. మళ్ళీ నాటారు. మళ్ళీ చచ్చిపోయాయి. పశువులు తిన్నాయని కొందరు, ఊరివాళ్ళు పీకేశారని కొందరు అన్నారు. అన్నీ పక్కన పెట్టి మట్టిని అడిగి చూద్దామనుకున్నారు.

మట్టి చెప్పింది వేరే కథ. ఒకప్పుడు వంటచెరకు కోసం, కలప కోసం అడవిని కూపులుగా, అంటే భాగాలుగా విడదీసి కొట్టారు. ఒక కూపులో చెట్టన్నది మిగలకుండా. నీడ పోయింది. ఎండ నేరుగా బురదని కొట్టింది. బురదలో తేమ ఆవిరైంది, నేల కుంగింది, చుట్టూ గట్టులా మిగిలి నడుమ పళ్ళెంలా పల్లమైంది. పెద్ద పోటు వచ్చినప్పుడు ఆ పళ్ళెంలోకి సముద్రం నీరు వస్తుంది. పాటు తీసినప్పుడు బయటికి పోదు, దారి లేదు. అక్కడే నిలబడి, ఎండకి ఇంకి, ఉప్పు మిగిల్చి పోతుంది, మళ్ళీ పోటుకి మళ్ళీ ఉప్పు, మళ్ళీ ఎండకి మళ్ళీ ఉప్పు, ఇలా ఏళ్ళ తరబడి పేరుకుని చివరికి సముద్రం నీటిలో పుట్టి పెరిగే మడ మొక్క కూడా తట్టుకోలేనంత ఉప్పగా ఆ నేల మారిపోయింది. మొక్కని ఎవరూ చంపలేదు. నీరు చంపింది. నిలిచిపోయిన నీరు.

ఉప్పుని కడగాలంటే మంచినీరు కావాలి. మంచినీరు గోదావరి తేవాలి. గోదావరి తేవడం లేదు.

*

ఇక్కడ రేగోడ్ మాట చెప్పుకోవాలి.

మెదక్ జిల్లా, రేగోడ్ మండలం. సముద్రం అక్కడివాళ్ళలో చాలామంది సినిమాలోనే చూసుంటారు. ఆషాఢంలో మబ్బు దిగుతుంది. మక్కచేను తడుస్తుంది, చెరువు నిండుతుంది, అలుగు పారుతుంది. ఆ అలుగు నీరు వాగులో పడి, వాగు మంజీరలో పడి, మంజీర నిజాంసాగర్‌లో ఆగి, అక్కణ్ణుంచి కందకుర్తి దగ్గర గోదావరిలో కలిసి, పోచంపాడు, ధర్మపురి, కాళేశ్వరం, భద్రాచలం, పాపికొండలు, ధవళేశ్వరం దాటి, గౌతమి పాయలో దిగి, యానాం పక్కనుంచి కోరంగి మడ వేళ్ళని తాకాలి. తాకితే పోటు నీటి ఉప్పు విరుగుతుంది. ఆ నీటితో పాటు వచ్చే ఒండ్రు మొగ దగ్గర పరుచుకుని, అల కోసేసిన తీరాన్ని మళ్ళీ కడుతుంది. రేగోడ్ చేలో కొట్టుకుపోయిన మట్టి రేణువుకి చివరి మజిలీ ఒక మడ చెట్టు వేరు.

మజిలీ మధ్యలోనే ఆగిపోతోంది. 1931లో పూర్తయిన నిజాంసాగర్ 29.7 టీఎంసీల జలాశయం. 1970లలో కొలిచేసరికి 12 కూడా లేదు. మిగతాదంతా ఒండ్రు. మంజీర మోసుకొచ్చిన మెదక్ మట్టి అక్కడే పడుకుంది. పంటలకి, పట్నం దాహానికి ఇలాంటి ఆనకట్టలు కావాలి, అందులో వాదం లేదు. కానీ వాటి బిల్లు ఎవరో కడుతున్నారు. గోదావరి 1970లలో ఏటా 15 కోట్ల టన్నుల ఒండ్రు మోసేది. 1990లకి అది 6 కోట్ల టన్నుల లోపు పడిపోయింది. ఆంధ్ర విశ్వవిద్యాలయం పరిశోధకులు ఉపగ్రహ చిత్రాలు పక్కపక్కన పెట్టి చూస్తే, 1976 నుంచి పాతికేళ్ళలో గోదావరి డెల్టా అంచు 1,836 హెక్టార్లు సముద్రంలోకి పోయింది. బిల్లు కట్టింది మొగ దగ్గరి ఊళ్ళు.

కాబట్టి అభయారణ్యం గీత ఎంత గట్టిగా గీసినా, ఆ గీతలోకి వచ్చే నీరు గీత బయటిది. బురదలో నిలబడ్డ శాస్త్రవేత్తలకి ఇది తెలుసు. గోదావరిని వాళ్ళు విడిపించలేరు. పోటు నీటినైనా విడిపించగలరా?

దారి ఎక్కడ తవ్వాలో తెలియాలి. అది వాళ్ళ దగ్గరున్న మ్యాపులో లేదు.

*

అడవి అంచు ఊరు. సాయంత్రం. వేట నుంచి పడవలు వచ్చేశాయి. రామాలయం ముందు ఊడ్చి, నీళ్ళు చల్లిన నేల. ఆరుతున్న వలల వాసన, ఎండుచేప వాసన. కుర్చీలు కొన్నే ఉన్నాయి, వాటిలో ఎవరూ కూర్చోలేదు. సంస్థ నుంచి, అటవీ శాఖ నుంచి వచ్చినవాళ్ళు నేల మీదే చతికిలపడ్డారు. ఊరు దూరంగా, చేతులు కట్టుకుని నిలబడింది. ఆఫీసర్లు నేల మీద కూర్చుంటే ఏదో పన్నాగం ఉండే ఉంటుంది.

“మీ అడవి బొమ్మ గీసి చూపిస్తారా?”

ఎవరూ కదల్లేదు. ఒక మగాయన నవ్వి, మాకు చదువు రాదండి అన్నాడు. వెనక వరసలోంచి ఒక పెద్దావిడ వచ్చింది. ఇంట్లోంచి ముగ్గుపిండి డబ్బా తెచ్చింది. వంగింది. రోజూ పొద్దున్నే గీసే చెయ్యి. వేళ్ళ సందులోంచి తెల్లటి గీత జారింది. ఇది గౌతమి. ఇది కోరంగి పాయ. ఇది గాడేరు. ఇదిగో, ఇక్కడ పుల్లలకి పోతాం.

గప్‌చుప్.

పుల్లలకి పోతాం అన్న మాట అటవీ శాఖవాళ్ళ ముందు నోరు జారింది. అందరి చూపులూ ఖాకీ చొక్కా మీదికి తిరిగాయి. ఖాకీ చొక్కా కాస్త ముందుకి వంగి, ముగ్గు చెదరకుండా కాలు వెనక్కి తీసుకుంది. అంతే. ఆ తర్వాత డబ్బా చేతులు మారింది. చతికిలపడ్డవాళ్ళు లేచి, లేచినవాళ్ళు కూర్చుని, ఒకళ్ళ గీతని ఇంకొకళ్ళు చెరిపి, నువ్వు ఆ పాయలోకి ఎప్పుడెళ్ళావురా అని బావమరిదిని బావ కసిరి, గేదెలు ఎక్కడ మేస్తాయో పసుపుతో, పీతలెక్కడ పడతాయో కుంకుమతో, తాత కాలంలో పెద్ద తిల్లచెట్టు ఎక్కడుండేదో ఒక గులకరాయితో గుర్తు పెడుతూ, చీకటి పడి లాంతరు తెచ్చేసరికి గుడి ముందు నేలంతా అడవైపోయింది.

“ఇక్కడ నీరు తీస్తాదండి. ఇక్కడ తియ్యదు. ఇక్కణ్ణుంచి ఇలా కోస్తే పాటులో లాగేస్తాది.”

ఉప్పుని కొలిచినవాళ్ళు ఆ వేలి వంక చూశారు. పళ్ళెం ఎక్కడుందో వాళ్ళకి తెలుసు. పళ్ళేనికి చిల్లు ఎక్కడ పెట్టాలో ఆ వేలికి తెలుసు.

ఈ పద్ధతికి పుస్తకాల్లో పెద్ద పేరుంది. ఊరి బొమ్మని ఊరిచేతే గీయించడం. కోరంగి చుట్టుపక్కల మట్లపాలెం లాంటి ఊళ్ళలో ఇలాంటి మాటామంతీ మీంచే ఉమ్మడి యాజమాన్యం మొదలైంది. అభయారణ్యం లోపలి ఊళ్ళకి పర్యావరణ అభివృద్ధి కమిటీలు, బయటి ఊళ్ళకి వన సంరక్షణ సమితులు. ఆడవాళ్ళకీ సభ్యత్వం. అడవిలోకి పుల్లలకి వెళ్ళేది వాళ్ళు, వాళ్ళు లేని కమిటీ ఏ అడవిని కాపాడుతుంది? ఊరు, అటవీ శాఖ, సంస్థ ముగ్గురూ కూర్చుని ఎక్కడ తవ్వాలి, ఎక్కడ నాటాలి, ఎక్కడ పశువు దిగకూడదు, వంటచెరకుకి బదులేమిటి అని రాసుకున్నారు. తేలిగ్గా తెగలేదు. గేదెలున్నవాళ్ళు ఒక మాట, లేనివాళ్ళు ఒక మాట. గార్డుకి దొరికి జరిమానా కట్టినవాడు మొదటి సభకి రాలేదు. రెండోదానికి వచ్చి వెనక నిలబడ్డాడు.

అయినా కాయితం మీది ఒప్పందం బురదలో నిలబడుతుందా?

*

పారలు దిగాయి. మోకాళ్ళ దాకా బురద, నెత్తిన తువ్వాలు, వీపు మీద ఉప్పు గీతలు. సహజంగా పారే పాయ నుంచి ముందు ఒక పెద్ద కాలువ. దానికి అటూ ఇటూ ఏటవాలుగా చిన్న కాలువలు. గట్టు మీంచి చూస్తే చేప ముల్లు పరిచినట్టుంటుంది. రోజుకి రెండుసార్లు పోటు వస్తే నీరు ముల్లు సందుల్లోకి పాకాలి. పాటు తీస్తే మొత్తం తిరిగి పాయలోకి లాగేయాలి. వచ్చిన నీరు పాత ఉప్పుని మోసుకుపోవాలి. తవ్వడం అయ్యాక మొక్కలు వెంటనే పెట్టలేదు. నేల కడుక్కోవాలి కదా.

ఒక పోటు వచ్చింది. అందరూ గట్టు మీద నిలబడ్డారు.

బుడబుడమని చప్పుడు. కాలువ నోట్లో నురుగు. నీరు ముందు పెద్ద ముల్లులో పాకింది, మలుపు దగ్గర ఆగినట్టే ఆగి, చిన్న ముల్లులోకి తల దూర్చి, ఎండిపోయిన పగుళ్ళలోంచి బుడగలు లేపుతూ, ఉప్పు పొరని తడిపి, నానబెట్టి, పళ్ళెం చివరికంటా వెళ్ళి నిలబడింది. అది ఎప్పుడూ వచ్చే నీరే. రావడం ఎవరూ అడగలేదు. పోతుందా?

గంటలు గడిచాయి. పాటు మొదలైంది. ఎండిన కొమ్మ ఒకటి నీటి మీద తేలుతోంది. చాలాసేపు కదల్లేదు. తర్వాత, ఎవరో తాడు కట్టి లాగినట్టు, మెల్లగా పాయ వైపు బయల్దేరింది.

తర్వాతి కాలంలో తెల్ల మడ మొక్కలు పెట్టారు. అవి పట్టుకున్నాయి. వాటి మధ్యకి ఎవరూ పెట్టని విత్తనాలు పోటుతో కొట్టుకొచ్చి వాటంతటవే మొలిచాయి. పీతలు వచ్చాయి. గోదావరి, కృష్ణా మొగల్లో ఇలా 500 హెక్టార్లకి పైగా బట్టతల మీద పచ్చదనం ఎక్కింది. ఈసారి మొక్క చావకపోవడానికి కారణం కాలువ ఒక్కటే అనుకోవడం పొరపాటు. కాలువ పూడితే పార పట్టింది ఊరు. గేదె దిగితే తోలింది ఊరు. పక్కూరి కత్తి చప్పుడు వినపడితే అర్ధరాత్రి లాంతరుతో వెళ్ళింది ఊరు. ఒకప్పుడు తలుపులేసుకున్న ఊరే.

*

అదే కాలంలో, భూగోళం అవతల, ఇంతకంటే వెయ్యి రెట్లు పెద్ద బల్ల చుట్టూ ఇదే పంచాయితీ నడుస్తోంది. ఆస్ట్రేలియా గ్రేట్ బారియర్ రీఫ్. 3,44,400 చదరపు కిలోమీటర్ల సముద్రపు పార్కు. దాంట్లో వేట పూర్తిగా నిషేధించిన భాగం 5 శాతం కూడా లేదు. పెంచాలి. ఎక్కడ? శాస్త్రవేత్తలు సముద్రాన్ని 70 రకాల ఆవాసాలుగా విడదీసి, ప్రతిదాంట్లోనూ కొంత వదిలేయాలన్నారు. జాలర్లు, పడవలవాళ్ళు, తీరంలోని ఆదివాసులు మ్యాపుల మీద తమ చోట్లు గుర్తుపెట్టి పంపారు. అందిన అభిప్రాయాలు 31 వేలకు పైనే. ముసాయిదా గీతలు చెరిగాయి, జరిగాయి, మళ్ళీ పడ్డాయి. 2004 జూలై 1న కొత్త గీతలు అమల్లోకి వచ్చేసరికి నిషేధ భాగం 33 శాతం. కోపాలు చల్లారలేదు, వేట పోయినవాళ్ళకి పరిహారం మీద ఏళ్ళ తరబడి పేచీలు నడిచాయి. కానీ గీత ఎక్కడుందో తీరంలో ప్రతి పడవకీ తెలుసు. మన ముగ్గుపిండి డబ్బాకీ, ఆ 31 వేల కాయితాలకీ చుట్టరికం ఉంది.

కోరంగిలో అసలు కష్టం అప్పటికింకా రాలేదు. అడవి దగ్గర మాట్లాడాల్సింది ఊళ్ళతోనే. సముద్రం దగ్గర లెక్కే వేరు.

*

జనవరి రాత్రి. హోప్ ఐలాండ్. కాకినాడ తీరానికి అడ్డంగా గోదావరి ఒండ్రు పోసిన ఇసక కత్తి. ఈ దీవి ఉండబట్టే కాకినాడ రేవు ఉప్పెనకి నేరుగా ఎదురు నిలబడాల్సిన పని లేదు. చలిగాలి. వెన్నెల్లో ఇసక బూడిద రంగు. నీటి అంచున ఒక నల్లటి రాయి కదిలింది. రాయి కాదు. ఆలివ్ రిడ్లీ తాబేలు. రెక్కలతో ఇసకని నెట్టుకుంటూ, ఆగి ఆయాసపడి, మళ్ళీ నెట్టుకుంటూ పైకి వచ్చింది. వెనక కాళ్ళతో గొయ్యి తీసి, వంద దాకా గుడ్లు పెట్టి, కప్పి, వెనక్కి తిరిగింది. దూరంగా సముద్రం మీద దీపాల వరస. ట్రాలర్లు. వల నీళ్ళ కింద గంటల తరబడి ఈడుస్తుంటే, అందులో చిక్కిన తాబేలు ఊపిరికి పైకి రాలేదు.

ట్రాలరు తోలేవాడి మాట అతనిది. వలకి తాబేలు తప్పించుకునే కిటికీ పెడితే రొయ్య కూడా జారిపోతుంది, డీజిలు ఖర్చు ఎవరిస్తారు? నాటు పడవవాడి మాట ఇంకోటి. ట్రాలర్లు ఒడ్డు దాకా వచ్చి ఊడ్చేస్తుంటే మాకేం మిగిలింది? రేవుకి ఓడలు కావాలి. చమురు కంపెనీలకి బావులు కావాలి. ఎరువుల ఫ్యాక్టరీలున్నాయి, ఆక్వా చెరువులున్నాయి. వీళ్ళందరి మధ్యా, ఏ సభకీ రాలేని తాబేలు.

2011 ప్రాంతాల్లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం, కేంద్రం, రాష్ట్రం కలిసి ‘ఈగ్రీ’ అని ఒక ప్రాజెక్టు మొదలుపెట్టాయి. తూర్పు గోదావరి నదీ ముఖద్వారానికి ఒకే ప్రణాళిక. దాంట్లోని అసలు ఆలోచన ఒక్క ముక్కలో చెప్పాలంటే, అభయారణ్యాన్ని దాని గీత లోపలే కాపాడలేం. అందుకని రేవునీ, పరిశ్రమనీ, మత్స్య శాఖనీ, జాలరినీ, అటవీ శాఖనీ ఒకే గదిలో కూర్చోబెట్టారు. ఏసీ గదిలో చాలామందికి అదే మొదటిసారి, ఎదుటివాడి ముఖం చూడడం. వలలకి కిటికీలు పంచారు. ఇసకలో గుడ్లని నక్కలూ కుక్కలూ తవ్వకుండా తెచ్చి పొదిగే చోట్లు కట్టారు, కాపలాకి తీరం కుర్రాళ్ళనే పెట్టారు. కోరంగిలో మడ మధ్యనుంచి చెక్క వంతెన వేసి, చూడ్డానికి వచ్చినవాళ్ళ టిక్కెట్టు డబ్బులో ఊరికీ వాటా పెట్టారు. పుల్లలకి వెళ్ళిన దారిలోనే ఇవాళ ఊరి పిల్లలు పట్నంవాళ్ళకి ఊపిరి వేళ్ళు చూపిస్తున్నారు.

అలాగని గీత బయట అడవి క్షేమంగా ఉందా?

*

2020. కాకినాడ అంచు, దుమ్ములపేట. పొక్లెయినరు చప్పుడు. మడ వేళ్ళ మీద ఎర్రమట్టి పడుతోంది. పేదల ఇళ్ళస్థలాలకి నేల చదును చేస్తున్నారు. ఇల్లు కావాల్సింది నిజంగా పేదలకే, అందులో చాలామంది సముద్రాన్ని నమ్ముకున్నవాళ్ళే. తుపాను వస్తే ఆ ఇంటికి ముందు నిలబడాల్సింది కూడా ఆ మడే. వ్యవహారం జాతీయ హరిత ట్రిబ్యునల్ మెట్లెక్కింది. అభయారణ్యం అక్కడికి దగ్గర్లోనే ఉంది. కానీ గీత ఈ చెట్లని దాటుకుని పోయింది. గీతలో లేని చెట్టుకీ అవే వేళ్ళు, అదే పీత, అదే పోటు. ఇల్లు అడిగినవాళ్ళని, చెట్టుని ఎరిగినవాళ్ళని ఒకే ముగ్గు చుట్టూ కూర్చోబెట్టి, ఈ స్థలం కాకపోతే ఏ స్థలం అని ముందే అడిగి ఉంటే ఆ పొక్లెయినరు ఎక్కడ తవ్వేదో.

*

ఆషాఢం. రేగోడ్ మీద మబ్బు దిగింది. చినుకు చినుకుగా మొదలై, సాయంత్రానికి జోరందుకుంది. చెరువు కట్ట మీద గొడుగు పట్టుకుని ఇద్దరు నిలబడ్డారు. మత్తడి దుంకుతోంది. ఎర్రటి నీరు. వాగు దాన్ని అందుకుని మంజీర వైపు ఉరికింది. నిజాంసాగర్‌లో చాలా మట్టి దిగిపోతుంది, పోచంపాడులో ఇంకాస్త. గేట్లు ఎత్తిన ఏడాది కొంత దాటుతుంది.

వారాల తర్వాత, కోరంగి పాయలో నీటి రంగు మారింది. పోటు వేళ. చేపముల్లు కాలువ గట్టు మీద ఒకావిడ చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, చేతిలో పొడుగాటి గడ. కాలువలో గుచ్చి చూసింది. నిన్నటికంటే బెత్తెడు తక్కువ లోతు. ఒండ్రు దిగింది. వెనక్కి తిరిగి ఊరి వైపు కేకేసింది.

“పార తేరా. పూడతంది.”